పోర్టులో డీజిల్ తగ్గించాలంటే ముందు చూడాల్సింది ప్యానెళ్లు కాదు, కేవీఏలు

ప్రశ్న: నెల్లూరు జిల్లా తీరంలో బొగ్గు, ఎరువులు, వంటనూనె దిగే ఒక పోర్టులో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేస్తున్నాను. 2030 లోపు డీజిల్ వాడకం సగానికి తగ్గించేలా ప్రణాళిక రాసివ్వమన్నారు. 10 మెగావాట్ల సోలార్, రెండు బెర్తులకు షోర్ పవర్ (ఆగిన ఓడకు ఒడ్డు నుంచి కరెంటు) అని ముసాయిదా రాశాను. ఇది సరైన మొదలేనా?

సమాధానం:

ఆ రెండు పనులూ మంచివే. కానీ వాటివల్ల మీ పోర్టులో ఒక్క లీటరు డీజిల్ కూడా తగ్గదండీ. సోలార్ తగ్గించేది కరెంటు బిల్లును. షోర్ పవర్ తగ్గించేది బెర్తులో ఆగిన ఓడ కాల్చే ఆయిలును, అది ఓడ యజమాని ఖాతా. మీ డీజిల్ తాగుతున్నది డంపర్లు, లోడర్లు, మొబైల్ హార్బర్ క్రేన్లు, టగ్గులు, షంటింగ్ ఇంజన్లు, జనరేటర్లు. అందుకని ముసాయిదాను తిరగేసి రాయండి. ఏ యంత్రం ఎన్ని లీటర్లు తాగుతోంది, దాన్ని కరెంటుకు మారిస్తే ఏ గంటలో ఎన్ని కేవీఏ (ఒకేసారి లాగే కరెంటు లోడుకు కొలత) పడుతుంది, ఆ కేవీఏ ఏ సబ్‌స్టేషన్ ఇవ్వగలదు, ఆ యూనిట్లు ఎక్కడ కొంటే శుభ్రమైనవి అవుతాయి. ఈ వరసలో పోతే సోలార్ ఎన్ని మెగావాట్లో దానంతటదే తేలుతుంది.

లీటర్ల లెక్క దగ్గరే చాలా ప్రణాళికలు తప్పుతాయి. స్టోర్స్ పుస్తకంలో కనిపించేది పోర్టు సొంత డీజిల్ మాత్రమే. బెర్తు నుంచి యార్డుకు బొగ్గు లాగే డంపర్లలో ఎక్కువ భాగం కాంట్రాక్టర్లవి, వాళ్ల డీజిల్ వాళ్ల బిల్లుల్లో ఉంటుంది. దాన్ని వదిలేసి లెక్క వేస్తే సగం తగ్గించడం చాలా తేలిక అనిపిస్తుంది, నిజానికి పోర్టు గాలిలో కలిసే పొగలో పెద్ద వాటా లెక్కలోకే రాలేదన్నమాట. బౌజర్ (యంత్రాల దగ్గరికి డీజిల్ తెచ్చే ట్యాంకరు) రికార్డు, ఇంజన్ అవర్ మీటరు, కాంట్రాక్టరు బిల్లు, ఈ మూడూ కనీసం పన్నెండు నెలలవి పక్కపక్కన పెట్టండి. పన్నెండు నెలలు ఎందుకంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానల కాలం. తడిసిన సరుకు, ఆగిన హాచ్‌లు (ఓడలో సరుకు ఉండే గదులు), తక్కువ ట్రిప్పులు. వేసవిలో మూడు నెలలు కొలిచి నాలుగుతో గుణిస్తే ఏడాది లెక్క రాదు.

మార్పిడికి పని చేసే కొలత ఒకటి చెబుతాను. పోర్టులో తక్కువ దూరం, ఎక్కువ ఐడ్లింగ్ ఉండే బండి ఒక లీటరు డీజిల్‌తో చేసే పనిని బ్యాటరీ బండి ఛార్జింగ్ నష్టాలతో కలిపి 3 నుంచి 3.5 యూనిట్లతో చేస్తుంది. ప్రణాళికకు 3.3 తీసుకోండి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 40 డంపర్లు, ఒక్కొక్కటి గంటకు 7 లీటర్లు, రోజుకు 16 గంటలు అనుకుంటే రోజుకు 4,480 లీటర్లు. అంటే దాదాపు 15,000 యూనిట్లు. 24 గంటలకు సమంగా పంచితే సగటున 620 కిలోవాట్లే. ఈ అంకె చూసి 1 మెగావాట్ ట్రాన్స్‌ఫార్మరు చాలనుకుంటే మాత్రం పోర్టు ఆగిపోతుంది. ఒక్కో బండికి రోజుకు 370 యూనిట్లు కావాలి. 280 యూనిట్ల బ్యాటరీలో వాడుకోదగింది 225 దాకా, అంటే పది గంటల పని. కాబట్టి ప్రతి బండీ రోజులో కనీసం రెండుసార్లు ఛార్జర్ దగ్గరికి రావాలి. వదిలేస్తే డ్రైవర్లందరూ షిఫ్టు మారే మధ్యాహ్నం రెండు గంటలకే వస్తారు. ఆ గుంపు కోసం 180 కిలోవాట్ల ఛార్జింగ్ గన్నులు 20 పెడితే ఒకేసారి 3.6 మెగావాట్లు లాగుతుంది. అదే బండ్లను గంటకు కొన్ని చొప్పున తిప్పి పంపితే 240 కిలోవాట్ల ఛార్జర్లు ఆరు చాలు, 1.44 మెగావాట్లు, అవి రోజుకు సుమారు పదిన్నర గంటలు పనిచేస్తే 15,000 యూనిట్లు నిండుతాయి. తేడా 2.16 మెగావాట్లు. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వాటా) 0.95 దగ్గర అది 2,270 కేవీఏ. మీ బిల్లులో డిమాండ్ ఛార్జీ (నెలలో లాగిన గరిష్ఠ లోడుకు కట్టేది) కేవీఏకి నెలకు 475 రూపాయలు అనుకుంటే ఒక్క ఈ తేడాకే నెలకు పది లక్షలు దాటుతుంది. పైగా మన రాష్ట్రంలో బిల్లింగ్ డిమాండ్ అంటే నమోదైన గరిష్ఠం లేదా కాంట్రాక్టు డిమాండ్‌లో (కరెంటు సంస్థతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 80 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ముందుచూపు అని కాంట్రాక్టు డిమాండ్ భారీగా పెంచి పెట్టుకుంటే బండ్లు రాకముందే డబ్బు కడుతూ ఉంటారు. విడతలవారీగా పెంచేలా దరఖాస్తు రాయండి.

ఛార్జింగ్ షెడ్యూలు ఎలక్ట్రికల్ వాళ్లు ఒక్కరే వేస్తే కుదరదు. ఓడ డిశ్చార్జ్ రేటు తగ్గకుండా ఏ గంటలో ఎన్ని బండ్లు తీయొచ్చో చెప్పగలిగేది ఆపరేషన్స్ షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఛార్జర్లను కూడా యార్డు చివర ఖాళీ స్థలం ఉందని అక్కడ పెట్టకండి. వేబ్రిడ్జి క్యూ దగ్గర, డ్రైవర్ల క్యాంటీన్ దగ్గర పెడితే బండి ఎలాగూ ఆగే పది, ఇరవై నిమిషాలు వాడుకోవచ్చు.

డంపర్ మార్చేముందు అసలు డంపర్ కావాలా అని కూడా అడగండి. బెర్తు నుంచి స్టాక్‌యార్డుకు కన్వేయర్ ఉన్న చోట బొగ్గుకు బ్యాటరీ బండి కొనడం దండగ. బెల్టు సామర్థ్యం చాలక కొంత సరుకు డంపర్లకు మళ్లుతుంటే ఆ ఇరుకు ఎక్కడుందో చూడండి. ట్రాన్స్‌ఫర్ టవర్లో (ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు సరుకు మారే చోటు) చ్యూట్ జామ్, స్టాకర్ (యార్డులో కుప్ప పోసే యంత్రం) ఖాళీగా లేకపోవడం లాంటివి బాగుచేస్తే వేలాది ట్రిప్పులు పోతాయి, కొత్త బ్యాటరీ ఒక్కటీ కొనకుండానే. ఉన్న బెల్టుల్లోనూ ఖాళీగా తిరిగే గంటలు కొలవండి. పొడవాటి బెల్టు ఖాళీగా తిరిగినా నిండు లోడు కరెంటులో మూడో వంతు దాకా లాగుతూనే ఉంటుంది. ముందు బెల్టు ఆగిన కొన్ని నిమిషాలకు మిగతావి వరసగా ఆగేలా ఇంటర్‌లాక్ పెట్టడం పీఎల్‌సీలో (బెల్టులను నడిపే కంట్రోల్ కంప్యూటరు) చిన్న మార్పే.

ఇక కాంట్రాక్టు విషయం. సాంకేతికం కంటే ఇక్కడే ఎక్కువ ప్రణాళికలు చస్తాయి. రవాణా కాంట్రాక్టు రెండు, మూడేళ్లకు ఇస్తారు. ఎలక్ట్రిక్ బండి అప్పు తీరడానికి ఐదారేళ్లు. మూడేళ్ల తర్వాత పని ఉంటుందో లేదో తెలియని కాంట్రాక్టరు డీజిల్ బండికి రెండు, మూడింతల ధర పెట్టి ఎందుకు కొంటాడు? టెండర్లో "ఎలక్ట్రిక్ వాహనాలకు ప్రాధాన్యం" అని ఒక వాక్యం రాస్తే ఎవరూ కదలరు. రాయాల్సింది ఇది: కాంట్రాక్టు గడువు ఆరేడేళ్లు, నెలకు కనీసం ఇన్ని టన్నులు అన్న హామీ, ఛార్జర్లు పోర్టువి, కరెంటు యూనిట్ రేటు ముందే నిర్ణయం, టన్ను రేటులో డీజిల్ ధరకు కట్టిన సవరణ సూత్రం తీసేసి కరెంటు రేటుకు కట్టిన సూత్రం, గడువు మధ్యలో కాంట్రాక్టు తెగితే బండ్లను ఏ ధరకు పోర్టు తీసుకుంటుందో ఏడాదివారీ పట్టిక. బండి లభ్యత 90 శాతానికి తగ్గితే జరిమానా పెట్టొచ్చు గానీ ఛార్జర్ పాడై ఆగిన గంటలు అందులో కలపకూడదు. అది కలిపితే మొదటి నెలలోనే గొడవ.

లీటరు డీజిల్ తొంభై దాటింది, 3.3 యూనిట్లు 8 రూపాయల చొప్పున వేసినా 27 లోపే. కాబట్టి డబ్బు లెక్క తేలిగ్గానే నిలబడుతుంది. కార్బన్ లెక్క మాత్రం అంత తేలిగ్గా నిలబడదు. లీటరు డీజిల్ కాలిస్తే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల్లో దేశ గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలోలకు కాస్త అటూ ఇటూ. 3.3 యూనిట్లకు 2.3 కిలోలు. అంటే గ్రిడ్ కరెంటుతో నడిపితే తగ్గేది 14 శాతం! నేలటూరు థర్మల్ ప్లాంటు చిమ్నీలు మీ గేటు నుంచే కనిపిస్తాయి కదా, పొగ బండి నుంచి అక్కడికి మారిందంతే. పోర్టులో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకు అదీ మేలే, కాదనను. కానీ నివేదికలో సున్నా ఉద్గారం అని రాయకండి.

షోర్ పవర్‌కూ ఇదే లెక్క. ఓడ ఆగ్జిలరీ ఇంజన్ యూనిట్ కరెంటుకు 210, 220 గ్రాముల ఆయిలు కాల్చి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గ్రిడ్‌ది కూడా అంతే. సల్ఫరు, నైట్రోజన్ ఆక్సైడులు, మసి తగ్గుతాయి. కార్బన్ తగ్గాలంటే సోలార్, గాలి కరెంటు ఒప్పందం పక్కన ఉండాల్సిందే. ఇంకా పెద్ద చిక్కు ఓడలది. మీకు వచ్చేవి ఎక్కువగా బల్క్ క్యారియర్లు, ప్రతిసారీ వేరే ఓడ. వాటిలో కరెంటు 440 వోల్టులు, 60 హెర్ట్జ్; మనది 50. కాబట్టి ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి, మొత్తం ఖర్చులో అదే పెద్ద ముక్క. షోర్ పవర్ అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 80005-1 ప్రకారం 6.6 లేదా 11 కేవీ హై వోల్టేజి ప్లగ్ పెట్టినా దాన్ని అందుకునే సాకెట్ ఉన్న బల్క్ ఓడలు తక్కువ. కంటైనర్, క్రూయిజ్ ఓడల్లోనే అది ఎక్కువగా బిగిస్తున్నారు. అందుకని ఇప్పుడు కన్వర్టర్ కొనకండి, దారి మాత్రం సిద్ధం చేయండి. బెర్తు ఏప్రన్ (ఓడ పక్కనుండే కాంక్రీటు నేల) మరమ్మతుకు ఎలాగూ తవ్వినప్పుడు 150 మిల్లీమీటర్ల డక్టులు ఆరు వేసి, సబ్‌స్టేషన్ పక్కన కన్వర్టర్‌కు స్థలం గీసి ఉంచండి. రామాయపట్నం లాంటి కొత్త పోర్టుల్లో కాంక్రీటు పోసేటప్పుడే ఈ పైపులు వేయడం దాదాపు ఉచితం. పదేళ్ల తర్వాత పగలగొట్టి వేయడం మాత్రం ఉచితం కాదు.

షోర్ పవర్ వెంటనే పెట్టాల్సిన చోటు ఒకటుంది, టగ్ జెట్టీ. టగ్గులు రోజులో ఎక్కువసేపు కట్టేసే ఉంటాయి. ఆ సేపంతా ఏసీ కోసం, లైట్ల కోసం, పంపుల కోసం గంటకు 8 లీటర్ల చొప్పున చిన్న జనరేటరు తిరుగుతూనే ఉంటుంది. నాలుగు టగ్గులు రోజుకు 14 గంటలు అనుకుంటే ఏడాదికి లక్షా అరవై వేల లీటర్లు. మన టగ్గుల్లో చాలావాటికి 50 హెర్ట్జే కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు. ఒక్కో టగ్గుకు 415 వోల్టుల 125 యాంపియర్ల పాయింటు చాలు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఫేజ్ సీక్వెన్స్ రిలే (మూడు ఫేజుల వరస సరిచూసే పరికరం) లేకుండా ప్లగ్ పెట్టనివ్వకండి, తిరగబడితే పంపు మోటార్లు వెనక్కి తిరుగుతాయి. రెండోది ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. అది లేకపోతే టగ్ ఉక్కు ఒడ్డున ఉన్న ఎర్తింగ్ రాగితో కలిసి ఉప్పునీటిలో బ్యాటరీలా పనిచేసి, జింక్ ఆనోడ్లు ఏడాది రావాల్సినవి కొన్ని నెలలకే కరిగిపోతాయి. తర్వాత తుప్పు హల్‌ను (టగ్ ఉక్కు ఒళ్లు) తినేస్తుంది. దీనికి కారణం తెలియక డ్రై డాక్‌లో పెయింటును తిట్టుకుంటారు.

టగ్గును పూర్తిగా బ్యాటరీకి మార్చడం సాధ్యమే. ఆక్లాండ్ పోర్టులో 2022 నుంచి 70 టన్నుల బొల్లార్డ్ పుల్ (లాగే బలం) ఉన్న బ్యాటరీ టగ్ నడుస్తోంది, బ్యాటరీ 2,784 యూనిట్లు. మన దేశంలోనూ 2024లో గ్రీన్ టగ్ ట్రాన్సిషన్ కార్యక్రమం మొదలైంది. మీరు కొనే ముందు ఉన్న టగ్గుల ఇంజన్ లోడును నిమిషానికి ఒకసారి చొప్పున మూడు నెలలు నమోదు చేయండి. హార్బర్ టగ్ పూర్తి బలంతో లాగే సమయం చాలా కొద్దిగా ఉంటుంది. బ్యాటరీ సైజు నిర్ణయించేది ఆ కొద్దిసేపు కాదు, వరసగా రెండు ఓడలు పడ్డ రోజు మధ్యలో ఛార్జింగ్‌కు ఎంత వ్యవధి దొరికింది అన్నది. అన్ని టగ్గులనూ ఒకేసారి మార్చవద్దు. తుఫాను రోజు కరెంటు లేనప్పుడు పనిచేసే డీజిల్ టగ్గులు కనీసం రెండు ఉండాలి.

మొబైల్ హార్బర్ క్రేన్లలో చాలావాటిని బయటి కరెంటుకు మార్చే కిట్ తయారీదారు దగ్గరే దొరుకుతుంది, కేబుల్ రీలుతో సహా. గ్రాబ్ ఎత్తినప్పుడు లోడు ఒక్కసారిగా లేస్తుంది, దింపేటప్పుడు కరెంటు తిరిగి వస్తుంది. ఆ వచ్చేదాన్ని తీసుకునే ఏర్పాటు డ్రైవ్‌లో లేకపోతే రెసిస్టర్లో వేడిగా పోతుంది. తీసుకోవాలంటే యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ (కరెంటును వెనక్కి లైనులోకి పంపగల డ్రైవ్ భాగం) కావాలి. క్రేన్‌కు ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వండి, బెర్తు లైట్ల ఫీడరు మీద వేయకండి. పాడయ్యేది మాత్రం ఎక్కువగా డ్రైవ్ కాదు, కేబుల్. ఏప్రన్ మీద పడి ఉన్న కేబుల్ మీదుగా డంపర్ పోతుంది. కేబుల్ ట్రెంచి, 50 మీటర్లకో పిట్, పిట్‌కు నీరు బయటకు పోయే దారి లేకుండా క్రేన్ మార్చవద్దు. హాచ్‌లోకి దింపే లోడర్లను చివరికి వదిలేయండి, అక్కడ ఛార్జింగ్‌కు వీలు లేదు.

లైట్లు సులువు, త్వరగా చెప్పేస్తాను. 16 సోడియం దీపాల హైమాస్ట్ చోక్‌తో కలిపి 7.2 కిలోవాట్లు. 200 వాట్ల ఎల్‌ఈడీలతో 3.2. మాస్ట్‌కు ఏడాదికి 16,000 యూనిట్లకు పైగా మిగులుతాయి. ప్రతి ఫిట్టింగ్‌కూ 10 కేవీ సర్జ్ రక్షణ రాయించండి, లేకపోతే మొదటి పిడుగుల సీజన్లో సగం పోతాయి.

ఇప్పుడు సోలార్. మన తీరంలో కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లకు కాస్త పైన, మెగావాట్‌కు ఏడాదికి 15 లక్షల యూనిట్లు. నేల మీద మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు, కప్పు మీద లక్ష చదరపు అడుగులు. పోర్టులో 40, 50 ఎకరాలు సోలార్‌కు ఇచ్చేస్తే సరుకు ఎక్కడ పెడతారని ఆపరేషన్స్ వాళ్లు అడుగుతారు, సబబే. గోడౌన్ కప్పుల మీద రెండు, మూడు మెగావాట్లు వేసి మిగతాది బయట కొనడమే తెలివైన పని. 2022 గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ (బయటి ఉత్పత్తిదారు నుంచి నేరుగా కరెంటు కొనడం) నియమాలతో 100 కిలోవాట్ల కాంట్రాక్టు డిమాండ్ ఉన్నవాళ్లూ అర్హులే. గ్రూప్ క్యాప్టివ్ పద్ధతిలో (వాడకందారులు కలిసి ప్లాంటులో వాటా పెట్టుకోవడం) 26 శాతం వాటా, 51 శాతం వాడకం షరతులు నిలబెట్టుకుంటే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి (బయట కొన్న కరెంటు మీద పడే అదనపు రుసుము) పడదు. కరెంటు పంపిణీ సంస్థ నెల్లూరు వైపు ఎస్‌పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్. దరఖాస్తు ఎవరికో అక్కడే తేడా. ఒప్పందంలో సోలార్ ఒక్కటే కాకుండా రాయలసీమ గాలి కరెంటు కూడా కలపండి. మీ డంపర్లు రాత్రి కూడా తిరుగుతాయి. పైగా ఈశాన్య రుతుపవనాల మబ్బు వారాల్లో సోలార్ సగానికి పడే రోజులు ఉంటాయి.

కప్పు మీద వేసేదానికి మన తీరం పెట్టే పరీక్షలు మూడు. ఒకటి గాలి. కట్టడాల మీద గాలి ఒత్తిడికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు. తీరం కాబట్టి తుఫాను గుణకం కూడా వేయాలి, పారిశ్రామిక కట్టడానికి 1.15. గోడౌన్ రేకు బరువు మోయగలదా అన్నదానికంటే గాలి పైకి లాగితే క్లాంపు, పర్లిన్ (రేకు కింది ఉక్కు పట్టీ) ఆగుతాయా అన్నదే ప్రశ్న. రెండు ఉప్పు. ఐఈసీ 61701 సాల్ట్ మిస్ట్ పరీక్ష సర్టిఫికెట్, కనీసం 80 మైక్రాన్ల హాట్ డిప్ గాల్వనైజింగ్, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ బోల్టులు టెండర్లోనే ఉండాలి. ఎరువుల గోడౌన్ అయితే ఐఈసీ 62716 అమ్మోనియా పరీక్ష కూడా. మూడు బొగ్గు దుమ్ము. పోర్టు సొంత గాలి రికార్డు తీసి, స్టాక్‌యార్డు దుమ్ము పడని కప్పులే ఎంచుకోండి. కడగడానికి తీరపు బోరు నీళ్లు వాడితే ఉప్పు మరక గట్టిపడి ఆ ప్యానెల్ మళ్లీ మొదటి స్థితికి రాదు. ఆర్‌ఓ నీళ్లు, తెల్లవారుజామున. పొడి బ్రష్ రోబోలు బొగ్గు రవ్వతో అద్దాన్ని గీస్తాయి, వద్దు.

అదే దుమ్ము, ఉప్పు తెల్లవారుజామున మంచుతో తడిసి 33 కేవీ ఇన్సులేటర్ల మీద ఫ్లాష్‌ఓవర్ (కరెంటు ఇన్సులేటర్ పైనుంచి మెరుపులా దూకడం) తెస్తాయి. కొత్త సబ్‌స్టేషన్ ఆరుబయట కట్టకుండా ఇండోర్‌లో కట్టండి, ఆరుబయట తప్పని చోట సిలికోన్ కాంపోజిట్ ఇన్సులేటర్లు, కేవీకి 31 మిల్లీమీటర్ల క్రీపేజ్ (ఇన్సులేటర్ ఉపరితలం వెంట దూరం). ఛార్జర్ల గాలి ఫిల్టర్లను వేసవిలో వారానికోసారి మార్చాలి. ఫిల్టర్ మూసుకుపోతే లోపలి వేడి పెరిగి ఛార్జర్ తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. మే నెలలో "240 గన్ను 120 మాత్రమే ఇస్తోంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం. ఛార్జర్, స్టోరేజి బ్యాటరీ కంటైనర్ల పీఠాలు ఉప్పెన నీటి మట్టానికి పైన కట్టండి. బ్యాటరీ కంటైనర్లను బొగ్గు కుప్పలకు, నూనె ట్యాంకులకు దూరంగా పెట్టండి. బొగ్గు దానంతటదే రాజుకుంటుంది, పక్కన లిథియం ఉండకూడదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరం వెంటే ఉత్తరానికి సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో గ్రిడ్ లేకుండా మూడు రోజులు ఏ పంపులు, ఏ లైట్లు, ఏ బండ్లు నడవాలో జాబితా రాసి, ఆ మేరకు డీజిల్ జనరేటర్లు, 40లో ఐదారు డీజిల్ డంపర్లు అట్టిపెట్టండి.

ముసాయిదాలో కాలపట్టిక ఇలా మార్చండి. మొదటి ఏడాది కొలతలు, ఎల్‌ఈడీ, టగ్ జెట్టీ పాయింట్లు, బెల్టు ఇంటర్‌లాక్‌లు. అదే రోజుల్లో 132 కేవీ లేదా అదనపు 33 కేవీ సరఫరాకు దరఖాస్తు. అది చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే, కాబట్టి మిగతా అన్నిటికంటే ముందు కదలాల్సిన కాగితం అదే. తీర నియంత్రణ జోన్ అనుమతి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ డ్రాయింగ్ ఆమోదం కూడా అప్పుడే మొదలుపెట్టండి. రెండో ఏడాది ఐదు నుంచి ఎనిమిది డంపర్లతో ఒక వేసవి, ఒక వానాకాలం పూర్తిగా నడపండి, ఒక క్రేన్ మార్చండి. ఆ అంకెలతోనే మూడో ఏడాది నుంచి కొత్త కాంట్రాక్టులు, ఓపెన్ యాక్సెస్ ఒప్పందం. యంత్రం ఆయుష్షు తీరేటప్పుడే మార్చండి. నిరుడు కొన్న డీజిల్ లోడర్‌ను పక్కన పడేయడం దేనికీ లాభం కాదు.

లక్ష్యం ఎంత పెట్టాలో తెలియకపోతే కేంద్రం 2023లో ఇచ్చిన హరిత్ సాగర్ గ్రీన్ పోర్టు మార్గదర్శకాలు చూడండి. టన్ను సరుకుకు కార్బన్ ఉద్గారం 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గాలని అందులో ఉంది. అవి ప్రధానంగా కేంద్రం కింది మేజర్ పోర్టులకు ఉద్దేశించినవి, మీది రాష్ట్ర మారిటైమ్ బోర్డు కిందిది. అయినా "టన్నుకు" అనే కొలత తీసుకోండి. మీ సరుకులో పెద్ద భాగం థర్మల్ ప్లాంట్ల బొగ్గు. దిగుమతి తగ్గిన ఏడాది మొత్తం డీజిల్ తనంతటదే పడిపోతుంది, పెరిగిన ఏడాది లేస్తుంది, మీ పనితనంతో సంబంధం లేకుండా. అదే కారణంగా బొగ్గు బెర్తుకు మాత్రమే పనికొచ్చే పాతికేళ్ల పెట్టుబడి ఏదీ పెట్టకండి. ఫీడర్లు, డక్టులు, ఛార్జర్లు ఎరువులకో, నూనెకో, రేపు మరో సరుకుకో వాడుకునేలా బెర్తుల మధ్యలో ఉండాలి.

పన్నెండు నెలల లీటర్ల పట్టిక, మీటరు నుంచి తీసిన 15 నిమిషాల లోడు డేటా, సింగిల్ లైన్ డయాగ్రం (కరెంటు సరఫరా గీత పటం), ఈ మూడూ సిద్ధమయ్యాక మళ్లీ అడగండి. ట్రాన్స్‌ఫార్మరు సైజులు, విడతల లెక్క అప్పుడు కచ్చితంగా చెప్పొచ్చు.